సత్యవతి చూడని సినిమా

మొన్నామధ్య మా మనవడు కార్తీక్ నన్ను ఏలూరులో కొత్తగా కట్టిన హాలుకి సినిమాకి తీసుకెళ్ళాడు. వాడు చేసే ఉద్యోగం ఏమిటో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు గానీ, సినిమా చూసొచ్చి ఫోనుకి ఎదురుగా కూర్చుని దాని మంచిచెడ్డలు చెబుతాడు, ఆఖర్న నక్షత్రాలు వేస్తాడు. ఇంట్లో వాళ్ళమ్మ చేసిన ఉప్మాకి కూడా రెండున్నర దాటి వేసిన పాపాన పోలేదు. హాల్లో కుర్చీ వెనక్కి వాలిస్తే మంచమైపోయింది. ఆ చలికి కొంగు తలమీంచి కప్పుకుని కూర్చున్నాను. ముందు హీరోగారి చెప్పులు చూపించారు. కాసేపటికి వీపు చూపించారు. ఇంకాసేపటికి చెయ్యి. మొహం వచ్చేసరికి నాకో కునుకు పూర్తయింది. అక్కణ్ణించి ఆయన కొట్టడం, జనం గాల్లోకి ఎగరడం. ఎగిరినవాళ్ళలో ఒక్కడి పేరూ తెలీదు, ఏ తల్లి కన్న బిడ్డో తెలీదు. అంతసేపు సినిమాలో ఒక్క మనిషీ అన్నం తినలేదు. ఒక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఊరు మాత్రం తగలబడింది.

ఇంటికొచ్చాక వాడు ఫోను నా ముందు పెట్టాడు. "మామ్మా, సినిమా ఎలా ఉందో నాలుగు ముక్కలు చెప్పు, జనం ఎగబడి చూస్తారు" అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. ఏం చెప్పను? ఎవరి గురించి చెప్పను? "ఆ అబ్బాయికి ఏం కూరంటే ఇష్టంరా?" అని అడిగాను. వాడు నవ్వి, "ఇది కథ కోసం చూసే సినిమా కాదు మామ్మా, అదో అనుభూతి" అన్నాడు. "తలనెప్పి కూడా అనుభూతేరా" అన్నాను. "అయితే నీకు ఎలాంటి సినిమా కావాలో అది చెప్పు" అన్నాడు. అయిదో క్లాసుతో బడి మానేసిన దాన్ని, వాడిలాగా విడదీసి చెప్పడం నాకు రాదు. నాకు తెలిసిన మంచి సినిమా ఒకటుంది, అది ఏ హాల్లోనూ ఆడలేదు. మా వెనక వసారాలో రెండు మధ్యాహ్నాలూ ఒక సాయంత్రమూ నడిచింది. దాని సంగతే చెప్పాను వాడికి.

మా పుట్టిల్లు కైకలూరు అవతల, కొల్లేరు అంచున. నీళ్ళూ పిట్టలూ చేపలూ తప్ప అక్కడ సినిమా అన్న మాటే లేదు. నన్ను గుండుగొలను ఇచ్చారు. మా మామగారు వీరభద్రయ్యగారు ఊళ్ళో పెద్దమనిషి. పెద్దమనిషి చేసే పనేమిటో కాపరానికొచ్చిన కొత్తల్లో నాకు తెలిసేది కాదు. చూడగా చూడగా తెలిసింది, ఎవరిమీదో ఒకరిమీద అలగడం. పాలేరు మీద అలిగితే పొలానికి వెళ్ళేవారు కాదు. కరణంగారి మీద అలిగితే ఆ వీధినే నడిచేవారు కాదు. అలా అలిగిన వీధులన్నీ వదిలేసుకోగా, ఆయన బస్సెక్కాలంటే ఊరంతా చుట్టి రావలసి వచ్చేది. మధ్యాహ్నం భోంచేశాక నడవలో పడక్కుర్చీలో వాలి, నిన్నటి పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయేవారు. పేపరు కిందనుంచి చుట్ట పొగ వచ్చేది. నిద్రపోయే మనిషి చుట్టెలా కాలుస్తాడని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నడవకీ వెనక వసారాకీ మధ్య ఒక్క తలుపే. అది ఎప్పుడూ తీసే ఉండేది.

ఆయన జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. "వెలుతురు పెట్టుకుని చీకట్లో కూర్చోడానికి పోయేవాడు బుద్ధున్నవాడా!" అనేవారు. ఆడవాళ్ళని మాత్రం వెళ్ళనిచ్చేవారు, అదీ వంతుల మీద, ఇద్దరిద్దరం. అందరమూ పోతే గేదెల పాలెవరు తీస్తారు, మగవాళ్ళకి వడ్డించేదెవరు? అందుకని మా అత్తగారు ఒక చట్టం పెట్టారు. వెళ్ళొచ్చిన ఇద్దరిలో ఒకరు మర్నాడు మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ సినిమా చెప్పి తీరాలి. సరిగ్గా చెప్పకపోతే మళ్ళీసారి వంతు పోయినట్టే. వినేవాళ్ళు ఊరికే వినేవారు కాదు. చేతులు చాటల్లో ఉండేవి, చెవులు సినిమాలో ఉండేవి. చెరిగిన మినుముల దుమ్మూ, కుడితి వాసనా, దండెం మీద ఆరీ ఆరని చీరల వాసనా, వీటన్నిటి మధ్యా నేను విన్న సినిమాలు నేను చూసిన వాటికంటే ఎక్కువ.

సినిమా మంచిదో కాదో మాకు ఆ చాటలే తేల్చేసేవి. కత్తియుద్ధాల సినిమా అయితే చాటెడు బియ్యంలో రాళ్ళు ఏరేలోగా అయిపోయేది. కొట్టాడు, పడ్డాడు, లేచాడు, మళ్ళీ కొట్టాడు, శుభం. అదే ఓ గయ్యాళి అత్తా, ఓ పిసినారి మామా, మేడమీద గదిలో అద్దెకి దిగిన ఓ బ్రహ్మచారీ ఉన్న సినిమా అయితే, ఎండాకాలంలో గంపెడు చింతపండు గింజలు తీసేసినా కథ విశ్రాంతి దాకా వచ్చేది కాదు. ఎందుకు రాదంటే ఎవరూ రానివ్వరు. "ఆ మామ అచ్చం మీ బాబాయే" అని ఒకరంటారు. "మా బాబాయి నయం, ఉప్పన్నా అప్పిస్తాడు" అని ఇంకొకరు. మా తోడికోడలు రాజ్యం అక్క అయితే మరీను, ఆ అత్తగారు కట్టిన చీర అంచెంత, వంటింట్లో గిన్నెలు ఇత్తడివా స్టీలువా చెబితే గానీ ముందుకి కదలనిచ్చేది కాదు.

మా ఆడపడుచు సత్యవతిది ఇంచుమించు నా ఈడే. నా పెళ్ళయిన మరుసటేడు వైశాఖంలో దాన్ని తాడేపల్లిగూడెం ఇచ్చారు. దాని మామగారు సోమయ్యగారికి అక్కడ ఉల్లిపాయల కొట్టు. మొగుడు రామ్మోహన్‌కి గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదు కదా, పుట్టింటికి పంపాలి. సోమయ్యగారు మర్యాద తెలిసిన మనిషి, తనే స్వయంగా దిగబెట్టడానికి వచ్చారు. వియ్యంకుడొస్తున్నాడని మా మామగారు పొద్దున్నే కొల్లేటి వైపు మనిషిని పంపి బొమ్మిడాయి చేపలు తెప్పించారు. పులుసు దించాక తనే వంటింట్లోకొచ్చి, అరచేతిలో చుక్క వేయించుకుని నాకి, "ఉప్పు ఓ పిసరు తగ్గిందే" అన్నారు అత్తగారితో. ఆవిడ ఉప్పు జాడీ అందుకునేలోగా వీధిలోంచి వియ్యంకుడిగారి మాట వినపడింది. ఆ హడావిడిలో ఉప్పు సంగతి అక్కడే ఉండిపోయింది.

సోమయ్యగారికి ఏ మాట మాట్లాడాలన్నా ముందు చేతి గడియారం చూసుకోవడం అలవాటు. మొదటి ముద్ద తిని, గడియారం చూసుకుని, "అసలు సంగతేంటంటే బావగారూ, పులుసు అమృతమండి. ఉప్పే ఓ పిసరు తగ్గింది" అన్నారు.

మామగారి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "మా ఇంట్లో ఉప్పుకి లోటు లేదండి బావగారూ. తమరి నోరే ఘాటుకి అలవాటు పడిపోయినట్టుంది. ఉల్లిపాయల కొట్టు కదండీ మరి."

"ఇప్పుడు కొట్టు మాట ఎందుకండీ?"

"ఉప్పు మాట ఎందుకొచ్చిందండీ?"

"అయితే అలాగంటారు."

"అలాగేనండి. పెరుగు వేసుకోండి."

మా వైపు తగవుల్లో ఉన్న అందమే అది. కుత్తిక మీద కత్తి పెట్టినా 'అండీ' తగ్గదు. గొంతు పెరక్కుండానే, పెరుగన్నంతో సహా తిని, తాంబూలం పుచ్చుకుని మరీ విరోధులైపోయారు ఇద్దరూ.

ఆషాఢం వెళ్ళిపోయింది. "తెచ్చి దింపినాయనే వచ్చి తీసుకెళ్ళాలి" అన్నారు మామగారు. "ఒకసారి మేం దింపాం, ఈసారి దింపడం వాళ్ళ వంతు" అన్నారట సోమయ్యగారు. రెండూ న్యాయంగానే ఉన్నాయి, అదే వచ్చిన చిక్కు. అన్యాయమైతే ఎవరో ఒకరు దిగొచ్చేవారు. శ్రావణమాసం పేరంటాలకి వెళితే, "అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందేంటండీ?" అని పసుపు రాస్తూ అడిగేవారు. ఇంతలో రామ్మోహన్‌కి రాజమండ్రి బదిలీ అయింది. దసరా వెళ్ళగానే చేరాలి. అప్పటికి కోడలు రాకపోతే వాడికి వండిపెట్టడానికి తన అక్కయ్యని పంపుతానన్నారట సోమయ్యగారు. ఆ అక్కయ్యగారిని నేను పెళ్ళిలో చూశాను. ఒకసారి ఓ ఇంట్లో పెట్టె దింపితే, మళ్ళీ ఆ పెట్టెని కదిపే మగవాడు ఇంకా పుట్టలేదు. దసరా దాటితే సత్యవతి కాపురం ఏమవుతుందో మాకందరికీ తెలుసు. మామగారికీ తెలుసు. కానీ పేపరు తియ్యరు కదా.

భాద్రపదంలో సినిమా వంతు నాకూ సత్యవతికీ వచ్చింది. ముందురోజు మా ఆయన నా చెవిలో, భీమడోలు స్టేషన్లో రామ్మోహన్ బావ కనపడ్డాడనీ, ఏలూరు మ్యాట్నీకి వస్తాడనీ చెప్పారు. చూడండి మరి, పదిమంది ముందు తాళి కట్టిన మొగుడు, కట్టించుకున్న పెళ్ళాం, దొంగల్లాగా హాలు దగ్గర కలుసుకోవలసి వచ్చింది. వెళ్ళేసరికి గేటు పక్కన నిలబడి ఉన్నాడు, చొక్కా జేబులో పకోడీల పొట్లం, జేబంతా నూనె మరక. ఉల్లిపాయల కొట్టువారబ్బాయి పెళ్ళాం కోసం ఉల్లి పకోడీ కాక మరేం తెస్తాడు! వాళ్ళిద్దరూ కుర్చీల్లోకి వెళ్ళారు. నేను ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాను. తెరమీద ఓ రాజకుమారుడు, ఓ మాంత్రికుడు, ఓ తెల్లగుర్రం. గుర్రమొక్కటే కాస్త మనసుపెట్టి నటించింది.

విశ్రాంతిలో సత్యవతి నా దగ్గరకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన ఒక్కరే వెళ్ళిపోతారట వదినా. వాళ్ళ నాన్నకి ఎదురు చెప్పలేరట."

"నువ్వు మీ నాన్నకి చెప్పగలవా?"

తల అడ్డంగా ఊపి మళ్ళీ వెళ్ళిపోయింది. సినిమా అయిపోయేదాకా వాళ్ళు తెరవైపు చూసిన పాపాన పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం వసారాలో మినుములు పోసుకుని కూర్చున్నాం. నేను గొంతు సవరించుకుంటున్నాను. అత్తగారు నన్ను ఆపి, "పోయినసారి లక్ష్మి చెప్పింది. ఈసారి సత్య చెప్పాలి" అన్నారు. అది తెరవైపు చూస్తేగా చెప్పడానికి! సత్యవతి చాటలో మినుములు రెండుసార్లు చెరిగింది. తర్వాత మెల్లిగా మొదలెట్టింది.

"మొదలెట్టగానే ఓ పెద్ద ఇల్లు చూపించాడు. ఆ ఇంట్లో ఓ పెద్దాయన. భోంచేసి పడక్కుర్చీలో వాలి, మొహం మీద విసనకర్ర కప్పుకుంటాడు."

"విసనకర్ర కప్పుకుంటే గాలెలా ఆడుతుందే?" అంది రాజ్యం అక్క.

"అదే తమాషా పెద్దొదినా."

"ఉండుండు. బస్సులు ఆగే చోట పోస్టరు చూశాన్నేను. గుర్రం ఉంది దానిమీద. గుర్రమేదీ?"

"ఆ పెద్దాయన జట్కా గుర్రం."

"మరి కత్తి?"

"గుమ్మడికాయ కొట్టడానికి. పెళ్ళి సీనుందిగా."

అత్తగారు నావైపు తిరిగారు. "ఏం లక్ష్మీ, నిజమేనా?"

"చాలా పెద్ద గుమ్మడికాయండి అత్తయ్యగారూ" అన్నాను. ఇంకేమనను?

ఇక చెప్పుకుపోయింది చూడండి. వియ్యంకుడు ఆవకాయలో ఆవపిండి తగ్గిందన్నాడట. పెద్దాయన అలిగాడట. ఆవకాయ మీద అలిగి దాన్ని ముట్టడం మానేశాడట. మానేశాక నోరు చచ్చిపోయి, ఎవరూ లేనప్పుడు వంటింట్లోకి దూరి, జాడీ మూత తీసి, వేలు పెట్టి నాకి, "ఆవపిండి సరిపోయిందే!" అని జాడీతోనే దెబ్బలాడతాడట. అలిగిన వీధుల్లో నడవకూడదు గనక సొంత పొలానికి పక్కవాడి పొలంలోంచి వెళతాడట. ఆ నడక, చంకలో గొడుగు, అడుగడుక్కీ ఆగి వెనక్కి చూడడం, అన్నీ లేచి చేసి చూపించింది. రాజ్యం అక్క నవ్వలేక మినుములు ఒలకబోసింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను తలుపు వైపు చూశాను. నడవలో పేపరు గలగలా ఊగుతోంది. కాసేపటికి దాని కిందనుంచి మాట వచ్చింది.

"వట్టి మొండిఘటంలా ఉన్నాడే! ఆ తర్వాతేం చేశాడు?"

సినిమా గురించి ఆయన నోటివెంట అలాంటి మాట వినడం అదే మొదలు. "రేపు చెప్తాను నాన్నా, మినుములైపోయాయి" అంది సత్యవతి.

నూతి దగ్గర నీళ్ళు తోడుతూ అడిగాను, "ఎంత పని చేశావే! ఇప్పుడు దీనికి ముగింపెక్కణ్ణించి తెస్తావు?"

"సినిమా నేను చూశానా వదినా? తెలిసింది చెప్పాను. ముగింపు నాకేం తెలుసు? తెలిస్తే ఈపాటికి పెట్టె సర్దుకునుందును."

రెండో రోజు వియ్యంకుణ్ణి కథలోకి దింపింది. లేని గడియారం చూసుకుంటూ, "అసలు సంగతేంటంటే" అంటూ, కొట్లో కూర్చుని ఎవరు లోపలికొచ్చినా కోడలేమోనని లేచి నిలబడి, కాదని తెలిసి గడియారం చూసుకుని కూలబడే మనిషిని. పేపరు ఈసారి ఊగలేదు.

"వాళ్ళిద్దరిలో చెడ్డవాడెవడు?" అని అడిగారు మామగారు.

"ఎవరూ లేరు నాన్నా."

"చెడ్డవాడు లేకపోతే సినిమా ఎలా నడుస్తుందే?"

"ఎదురుచూస్తూ ఉంటారు నాన్నా ఇద్దరూ. అలా నడుస్తుంది."

"మరి ఆ పిల్ల?"

"అదీ అంతే."

అప్పుడు అత్తగారు, పప్పు గింజ ఏదో ఏరుతున్నట్టు తల వంచుకునే, "ఆ పెద్దాయనకి పెళ్ళాం లేదా సినిమాలో?" అన్నారు.

"ఉందమ్మా. ఏమీ మాట్లాడదు."

"మాట్లాడే ఉంటుంది, నువ్వు సరిగ్గా విని ఉండవు. 'ఏవండీ, పులుసులో ఉప్పు తగ్గిందని ముందు నాతో అన్నది మీరే కదండీ' అని అడిగే ఉంటుంది."

"పులుసు కాదు అత్తయ్యగారూ, ఆవకా..." అనబోయింది రాజ్యం అక్క. అక్క తొడ మీద గిల్లాను.

నడవలో పేపరు కిందికి దిగింది. మామగారి మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. చుట్ట ఆర్పి, గొడ్లపాక వైపు వెళ్ళిపోయారు. సాయంత్రం పీట మీద కూర్చుని, కంచంలోకి చూస్తూ, "రేపు ఏలూరు వెళతాను. ఆ సినిమా నేను చూడాలి" అన్నారు.

సత్యవతి నెయ్యి గిన్నె కింద పెట్టేసింది. "మారిపోయిందేమో నాన్నా."

"మారితే వెనక్కొస్తాను. ఎంత దూరం?"

పొద్దున్నే ఇస్త్రీ ఉత్తరీయం వేసుకుని, గొడుగు తీసుకుని, అలిగిన వీధులన్నీ చుట్టుకుని బస్సెక్కారు. ఆ తెల్లగుర్రం, ఆ మాంత్రికుడు ఆయన కళ్ళపడగానే సత్యవతి బతుకేం కావాలి? ఇక దాచి లాభం లేదని రాజ్యం అక్కకి ఉన్నదంతా చెప్పేశాను. అక్క నోరు తెరుచుకుని అంతా విని, "అంటే ఆ గుర్రం జట్కాది కాదా?" అంది. అంత దిగుల్లోనూ సత్యవతి ఫక్కుమని నవ్వింది. నవ్వి, ఏడ్చింది.

మ్యాట్నీ వదిలే వేళయింది. బస్సులు రెండు మూడు వెళ్ళిపోయాయి. దీపాలు పెట్టిన చాలాసేపటికి వచ్చారు మామగారు, బస్సులు ఆగే వైపు నుంచి కాదు, రైలు దిగి భీమడోలు వైపు నుంచి. కాళ్ళు కడుక్కున్నారు. కాఫీ తాగారు. పడక్కుర్చీలో వాలలేదు. ఎన్నడూ లేనిది వెనక వసారాలోకొచ్చి, మా మధ్య పీట వేసుకుని కూర్చున్నారు.

"చూశారా?" అన్నారు అత్తగారు.

"చూశాను. చూసొచ్చినవాళ్ళు చెప్పాలి కదా ఈ ఇంట్లో, చెబుతాను. అమ్మాయి చెప్పినదంతా సరిగ్గానే ఉంది. చివరే చెప్పలేదు." చుట్ట వెలిగించుకున్నారు. "ఆ పెద్దాయన ఒకరోజు ఓ సినిమా హాలుకి వెళతాడు. లోపల చీకటి. ఎవడో ఎవణ్ణో పొడుస్తున్నాడు, గుర్రమొకటి పరిగెడుతోంది. తన బోటివాడు ఎప్పుడొస్తాడా అని చూస్తాడు, చూస్తాడు, రాడు. విశ్రాంతికి లైట్లేశారు. చుట్టూ చూస్తే అంతా పెళ్ళాల్ని తెచ్చుకున్నవాళ్ళే, పకోడీలు తింటున్నారు. ఇంత వయసొచ్చి నేనిక్కడ ఏం చేస్తున్నానురా అనుకున్నాడు. లేచి స్టేషనుకి పోయి, తాడేపల్లిగూడెం రైలెక్కాడు."

అత్తగారు ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"వియ్యంకుడు కొట్లో ఉన్నాడు. ఈయన్ని చూసి లేచి నిలబడ్డాడు. గడియారం చూసుకోవడం మర్చిపోయాడు. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయినా అప్పటికప్పుడు విస్తరేశారు. ముద్దపప్పు వడ్డించారు."

"ఎలా ఉందట?" అన్నారు అత్తగారు.

"ఉప్పు కషాయం."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. మారు వడ్డించుకుని తిన్నాడు." చుట్ట పక్కన పెట్టారు. "అల్లుడుగారు ఎల్లుండి వస్తారు. అమ్మాయి పెట్టె సర్దండి." లేచి నడవలోకి వెళ్ళి పేపరు కప్పుకున్నారు. సత్యవతి అక్కడే, చాట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇదంతా విని మా మనవడు, "బాగుంది మామ్మా, కానీ ఇందులో సంఘర్షణ చాలదు" అన్నాడు. ఉప్పు చాలలేదన్నందుకు ఓ పిల్ల కాపురం రెండు నెలలు ఆగిపోయిందిరా అబ్బాయ్, ఇంకా ఏం చాలాలి నీకు? ఊరు తగలబడితే నాకు భయమేస్తుంది గానీ ముచ్చటెయ్యదు. మొండిగా కూర్చున్న ముసలాయన పీట మీంచి లేస్తాడా లేవడా అన్నదానికి నేను పొయ్యిమీద పాలు పొంగినా కదలను. ఎందుకంటే లేవలేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా ఒంట్లోనూ ఉంది అది. తెరమీద వాడు చేస్తే నవ్వొస్తుంది, నవ్వాక ఇంటికొచ్చి మన ఆవకాయ జాడీ వైపు కాస్త సిగ్గుగా చూస్తాం. అంతకంటే సినిమా చెయ్యవలసిన పనేముంది? ఇప్పటివాళ్ళకి మనుషుల్ని చూపించడం చేతకాక కాదు. మనుషులైతే మాట్లాడాలి, అన్నం తినాలి, అలగాలి. అవన్నీ రాసుకోవడం కష్టం. ఎగరేస్తే సుఖం, ఎగిరినవాడు నోరెత్తడు. ఇప్పుడు ఇంట్లో నలుగురం నాలుగు ఫోన్లలో నాలుగు సినిమాలు చూస్తాం. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పే పనే లేదు. అడిగితే లింకు పంపుతానంటారు. లింకుకి రాజ్యం అక్క లాంటి మనిషి అడ్డం తగలదు, చీర అంచెంత అని అడగదు.

అల్లుడు వచ్చిన మర్నాడు అందరం భీమడోలు స్టేషనుకి వెళ్ళాం. సత్యవతికి ఒడిబియ్యం పోశాం, బుట్టలో ఆవకాయ జాడీ పెట్టాం. అక్కణ్ణించి గూడెం వెళ్ళి, దసరా కాగానే రాజమండ్రి. రైలు కదిలేముందు మామగారు కిటికీ దగ్గరికొచ్చారు. ఆయనకి మాటలు రావు ఇలాంటప్పుడు, గొడుగుతో ప్లాట్‌ఫారం మీద గీతలు గీస్తున్నారు.

"రాజమండ్రిలో హాళ్ళు చాలా ఉంటాయట" అన్నారు చివరికి.

"ఉంటాయి నాన్నా."

"వచ్చినప్పుడు చెప్పాలి మరి."

"చూసినవన్నీ చెప్తాను నాన్నా."

రైలు కూత వేసింది. ఆయన కిటికీ చువ్వ పట్టుకుని రెండడుగులు వేశారు.

"చూసినవి మీ వదిన చెబుతుందిలే అమ్మా. నువ్వు చూడనివి చెప్పు."